బాపు కాలి పుండు: 88 రోజుల కట్లు, మా ఊరి నర్సమ్మ

2024 జూలై 9, మంగళవారం రాత్రి తొమ్మిదిన్నరకు అమ్మ ఫోను చేసి, "బాపు కాలు వాసన కొడుతున్నది బిడ్డా" అన్నది. అప్పటికి తొమ్మిది రోజులుగా పుండు ఉన్నదనీ, ఊళ్ళో ఆర్‌ఎంపీ రోజూ వచ్చి సూది వేసి కట్టు కట్టి పోతున్నాడనీ, నాకు చెబితే బడికి సెలవు పెట్టుకొని పరుగెత్తుకొస్తానని దాచారనీ ఒక్కొక్కటిగా తెలిసింది. నారుమడి పనిలో ఉన్న రోజున చెప్పు అడుగు నుంచి పొడుచుకొచ్చిన మేకు బొటనవేలి కింద దిగింది. బాపుకు నొప్పే తెలియలేదు. సాయంత్రం కాళ్ళు కడుక్కుంటుంటే నీళ్ళు ఎర్రగా పారడం అమ్మ చూసింది. పన్నెండేళ్ళుగా షుగరు ఉన్న మనిషికి నొప్పి తెలియకపోవడమే ప్రమాదమని మాకప్పుడు తెలియదు. నొప్పి లేదు కాబట్టి చిన్న దెబ్బే అనుకున్నారు.

జూలై 11న బాపును హైదరాబాదు తీసుకొచ్చాం. నేను ఉప్పల్‌లో ఒక ప్రైవేటు బడిలో పాఠాలు చెబుతాను. మాకు తెలిసినవారు చెప్పిన ఆసుపత్రిలోనే చేర్పించాం. ఆ రోజు షుగరు 342. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉందనీ, కాలికి రక్తప్రసరణ కూడా ఉందనీ, కాబట్టి వేలు నిలుస్తుందనీ సర్జన్ చెప్పినప్పుడు నేను వరండాలోకి వచ్చి గోడకు ఆనుకొని ఏడ్చాను. మరునాడు, జూలై 12న, చచ్చిన కండ అంతా కోసి తీసేశారు. రెండు రాత్రులు ఉంచుకొని 14న పంపించారు. బిల్లు 38,400 రూపాయలైంది. కాగితం మీద మూడు మాటలు రాసి ఇచ్చారు: రోజూ కట్టు, పూటపూటకు ఇన్సులిన్, కాలు కింద పెట్టకూడదు.

ఆ మూడు మాటల బరువు తరువాత తెలిసింది. రోజూ కట్టుకు 650 రూపాయలు, రానుపోను ఆటోకు 240. గంటన్నర నుంచి రెండు గంటలు కూర్చుంటే పది నిమిషాల పని. ఆసుపత్రికి వచ్చి కట్టించుకునే రోజువారీ కట్లకు ఆరోగ్యశ్రీ వర్తించదని కౌంటరులో చెప్పారు. 15వ తేదీ నుంచి 27వ తేదీ దాకా పదమూడు రోజులకు కట్లూ ఆటోలూ కలిపి 11,570 రూపాయలు ఖర్చయ్యాయి. డబ్బు ఒక ఎత్తు. మేముండేది లిఫ్టు లేని ఇంట్లో మూడో అంతస్తు. కాలు కింద పెట్టకూడని మనిషి రోజూ అరవై మెట్లు దిగి, అరవై మెట్లు ఎక్కాలి. మా తమ్ముడు రెండు రోజులు వీపున మోశాడు. మూడో రోజు బాపు ఒప్పుకోలేదు, గోడ పట్టుకొని కుంటుతూ తానే దిగాడు. కట్టు విప్పేవారు తొందరలో ఉండేవారు. ఎండి అతుక్కుపోయిన గాజుగుడ్డను ఒక్క గుంజుతో లాగేవారు. బాపుకు నొప్పి తెలియదు కనుక ఆయన పంకా వంక చూస్తూ కూర్చునేవాడు, నెత్తురు చిమ్మడం చూసేది నేను.

"ఊరికి పోదాం, అక్కడ సబ్ సెంటర్ల నర్సమ్మ ఉన్నది కదా" అని అమ్మ అన్నప్పుడు నేను కోప్పడ్డాను. నిజం చెప్పాలంటే, మా వీధికి కూతవేటు దూరంలో ఉన్న బస్తీ దవాఖానాలోనే నేను ఏనాడూ అడుగు పెట్టలేదు, ఊరి దవాఖానా గురించి ఏం ఆలోచిస్తాను? కానీ బాపు మొండికేశాడు. జూలై 28, ఆదివారం, 2,400 రూపాయలకు కారు మాట్లాడుకొని భువనగిరి దాటి మా ఊరికి చేరాం. వారం రోజులు జీతం నష్టంతో సెలవు పెట్టి నేనూ ఉండిపోయాను.

29న ఉదయం తొమ్మిదిన్నరకు పల్లె దవాఖానాకు వెళ్ళాం. రెండు గదుల పాత సబ్ సెంటరు. రంగు కొత్తది, కిటికీలు పాతవి. బెంచీ మీద పదకొండు మంది ఉన్నారు. లోపల బల్ల వెనుక ముప్పై ఏళ్ళ అమ్మాయి, పక్కన రిజిస్టర్ల దొంతర, ఒక ట్యాబు, బీపీ మిషను. నేను వేసిన మొదటి ప్రశ్న, "డాక్టరు ఎప్పుడొస్తారు?" ఆమె నొచ్చుకున్నట్టు కనిపించలేదు. "ఇక్కడ నేనే చూస్తాను మేడం, డాక్టరుగారు పీహెచ్‌సీలో ఉంటారు, ఏడు కిలోమీటర్లు" అన్నది. నేను ఊరుకోక, ఆమె ఏం చదివిందో, ఎన్నేళ్ళ అనుభవమో కూడా అడిగాను. బీఎస్సీ నర్సింగు, ఆపైన ఆరు నెలల కమ్యూనిటీ హెల్త్ కోర్సు, ఇక్కడికొచ్చి రెండేళ్ళు దాటిందని చెప్పింది. హైదరాబాదులో నా తండ్రి కాలు కోసిన సర్జన్‌ను ఆ ప్రశ్నల్లో ఒక్కటి కూడా అడగలేదన్న సంగతి ఆ రాత్రి పడుకున్నాక తట్టింది.

కట్టు విప్పే ముందు ఆమె గాజుగుడ్డ మీద సెలైన్ పోసి వదిలేసింది. ఐదు నిమిషాలు ఏమీ చేయలేదు. చేయలేదని నేననుకున్నాను గానీ, ఆ ఐదు నిమిషాల్లోనే రాత్రి ఏం తిన్నారో, సూది ఎవరు వేస్తున్నారో, మూత్రానికి ఎన్నిసార్లు లేస్తున్నారో అన్నీ అడిగేసింది. గాజుగుడ్డ నానిన తరువాత అంచు పట్టి లేపితే అట్టు రేకు లేచినట్టు లేచి వచ్చింది. నెత్తురు చుక్క లేదు. కాగితపు స్కేలు పక్కన పెట్టి కొలిచి రాసుకుంది: నాలుగు సెంటీమీటర్లు పొడవు, మూడు వెడల్పు. తరువాత బాపును కళ్ళు మూసుకోమని, "ఎప్పుడు ముట్టుకున్నానో చెప్పు పెద్దయ్యా" అంటూ చూపుడువేలి కొసతో రెండు కాళ్ళ వేళ్ళనూ ఒక్కొక్కటిగా, దూది తగిలినంత మెత్తగా తాకింది. ఒక్కో పాదానికి మూడు చొప్పున ఆరు వేళ్ళు. బాపు రెండింటికే జవాబు చెప్పాడు. మిగతా నాలుగుసార్లు ఆమె వేలు ఆయన కాలి మీద ఉండగానే, "ఇంకా ముట్టుకోలేదా బిడ్డా?" అని అడిగాడు. ఏ పరికరమూ అక్కరలేని ఈ పరీక్ష ఈ పన్నెండేళ్ళలో మరెవ్వరూ చేయలేదు. నాకు ఆ క్షణంలో కాళ్ళ కింద నేల కదిలినట్టైంది.

బాపుకు మాత్రం ఆమె మీద నమ్మకం కుదరలేదు. కారణం నురగ. ఆర్‌ఎంపీ హైడ్రోజన్ పెరాక్సైడ్ పోస్తే పుండు మీద తెల్లగా నురగ పొంగేది. అది విషం బయటికి రావడమని ఆయన గట్టి నమ్మకం. ఈమె ఉప్పునీళ్ళతో కడిగి, తడి గాజుగుడ్డ పరిచి కట్టేస్తున్నది, నురగ లేదు, వాసన గల మందు లేదు, సూది అసలే లేదు. "నీళ్ళు పోసి కట్టుడుకు నర్సెందుకు, మీ అమ్మ కట్టదా?" అన్నాడు ఇంటికొచ్చాక. ఎర్రగా కొత్త కండ పుడుతున్నచోట పెరాక్సైడ్ పోస్తే ఆ కండ కూడా మాడిపోతుందని ఆమె రెండుసార్లు చెప్పింది. ఆయన తలూపి, నమ్మలేదు.

ఆ వారమంతా బెంచీ మీద కూర్చున్నాను గనుక చాలా విన్నాను. ఒక పెద్దమ్మ ఒళ్ళునొప్పులని వచ్చి, బీపీ చూపించుకొని, గోలీలు చేతిలో పడగానే, "సూది ఎయ్యవా బిడ్డా? గోలీలు నా కాడ గూడ ఉన్నయి" అని అడిగి, లేదనేసరికి కొంగున కట్టుకొని నేరుగా ఆర్‌ఎంపీ ఇంటి దారి పట్టింది. ఇంకొకతను గుమ్మంలోంచి తొంగి చూసి, లోపల నర్సు ఒక బాలింతకు బీపీ చూస్తుండగానే, వెనకున్న భార్యతో "ఎవ్వరు లేరు, పా" అన్నాడు. అతని లెక్కలో ఆమె అక్కడ లేదు. డాక్టరు లేకపోతే దవాఖానాలో ఎవరూ లేనట్టే. నేను మొదటి రోజు అడిగిన ప్రశ్నకు అర్థం కూడా అదే కదా అని సిగ్గేసింది.

ఆడవాళ్ళ తీరు వేరు. తెల్లబట్ట అవుతున్నదనీ, మూత్రం పట్టి నిలవడం లేదనీ, పెనిమిటికి చెప్పొద్దనీ గుసగుసగా ఆమెకే చెప్పుకునేవారు. ఈ మాటలు ఏ పట్నం డాక్టరుకూ చెప్పరు. అదే ఆడవాళ్ళు మగవాళ్ళకు జబ్బు చేస్తే మాత్రం ఆమె ముందు నుంచే ఆటో ఎక్కించి భువనగిరి తీసుకుపోయేవారు. తమ ఒంటికైతే ఆమె చాలు, ఇంటి పెద్ద ఒంటికైతే డాక్టరు కావాలి. దీన్ని నమ్మకం అనాలో, అలవాటు అనాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

నా అభిప్రాయం మారిన రోజు మాత్రం స్పష్టంగా గుర్తుంది. ఆగస్టు 2, శుక్రవారం. నాలుగు రోజులుగా పొద్దున షుగరు 280కి తగ్గడం లేదు. మేం దాచిపెట్టి మిఠాయి పెడుతున్నామని ఎవరైనా అంటారేమోనని అమ్మ భయపడుతున్నది. సిస్టర్ ఎవరినీ ఏమీ అనలేదు. "ఇన్సులిన్ సీసా ఎక్కడ పెడుతున్నరు అమ్మా?" అని మాత్రమే అడిగింది. "ఫ్రిజ్‌లనే బిడ్డా, పైన ఐసు గడ్డకట్టే కాడ, మంచిగ సల్లగుంటదని" అన్నది అమ్మ. హైదరాబాదు కాగితంలో 'ఫ్రిజ్‌లో ఉంచండి' అని ఉంది, అమ్మ ఇంకాస్త భద్రంగా ఉంచింది. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదనీ, తలుపు అరలోనో కింది అరలోనో పెట్టాలనీ ఆమె చెప్పి, ఆ సీసా పారేయించింది. కొత్త సీసా మొదలుపెట్టిన నాలుగో రోజుకు 190. ముప్పై ఎనిమిది వేల బిల్లు కట్టి తెచ్చుకున్న వైద్యం మా ఇంటి ఐసు పెట్టెలో గడ్డకట్టుకుపోయిందన్నమాట. అడిగినందుకు దొరికింది. ఆ ప్రశ్న అడిగే తీరిక హైదరాబాదులో ఎవరికీ లేదు, నాతో సహా.

ఆగస్టు 3, శనివారం ఆమె అమ్మకు కట్టు నేర్పింది. ఆదివారాలు దవాఖానా ఉండదు గనుక ఇది తప్పనిసరి. చేతులు సబ్బుతో మోచేతుల దాకా కడగడం, గాజుగుడ్డ మధ్యభాగాన్ని ముట్టకుండా మూలలు పట్టడం, బిగించి కట్టకుండా రెండు వేళ్ళు పట్టేంత వదులుంచడం. అరవై ఏళ్ళ మా అమ్మ అక్షరం రాదంటూ వణికింది. "పూలు అల్లే చేతులే కదమ్మా" అన్నది సిస్టర్. అమ్మ ఆ మాటను ఊరంతా చెప్పుకున్నది.

తరువాత నేను హైదరాబాదు వచ్చేసి, ప్రతి శనివారం ఒంటిపూట బడి కాగానే ఉప్పల్ రింగురోడ్డులో బస్సెక్కేదాన్ని. ఆధార్ కార్డు చూపితే జీరో టికెట్టు గనుక ప్రయాణానికి పైసా ఖర్చు లేదు. సీటు దొరికితే అదృష్టం. నేను వచ్చేది రెండున్నరకని తెలిసి సిస్టర్ బాపు శనివారం కట్టును మూడు గంటలకు పెట్టుకునేది. అడగకుండానే చేసిన సర్దుబాటు అది.

ఆగస్టు 17న హైదరాబాదు సర్జన్ దగ్గర చూపించుకోవాల్సి ఉంది. కోల్‌కతా వైద్యురాలి హత్యకు నిరసనగా డాక్టర్ల సంఘం ఐఎంఏ పిలుపుపై ఆ రోజు దేశమంతటా ఓపీలు ఆపేశారు. ముందురోజే ఫోను వచ్చింది. వాళ్ళ కోపం న్యాయమైనదే, దాని మీద నాకే ఫిర్యాదూ లేదు. సోమవారం, 19న, రాఖీ పౌర్ణమికి నేను ఊళ్ళోనే ఉన్నాను. సిస్టర్ ఈ-సంజీవని అనే ప్రభుత్వ వీడియో వైద్య సేవ ద్వారా పీహెచ్‌సీ డాక్టరుతో మాట్లాడిస్తానంది. బాపు ఇస్త్రీ చొక్కా వేసుకొని, తల దువ్వుకొని, కెమెరాకు పాదం కాక ముఖం చూపిస్తూ కూర్చున్నాడు. సిగ్నల్ కోసం ఇరవై నిమిషాలు, మాట నాలుగు నిమిషాలు. డాక్టరుగారు పుండు ఫొటోలు చూసి, రాత్రి ఇన్సులిన్ రెండు యూనిట్లు పెంచి, "సిస్టర్ చేస్తున్నది కరెక్టే, అదే కొనసాగించండి" అన్నారు. ఆ మాటతో బాపు ముఖం విప్పారింది. మూడు వారాలుగా కళ్ళ ముందు పుండు మానుతున్నా కుదరని నమ్మకం తెర మీది ఒక్క వాక్యంతో కుదిరింది. నాకు కాస్త కష్టంగా అనిపించింది. సిస్టర్‌కు అనిపించినట్టు లేదు, లేదా అలవాటైపోయింది. పన్నెండింటికల్లా రిజిస్టరు మూసి, తమ్ముడికి రాఖీ కట్టడానికి బస్సు కోసం పరుగెత్తింది.

కానీ ఒక సంగతి నేను అంతకు ముందే గమనించాను. బాపు నోటితో నమ్మకపోయినా, రెండో వారం నుంచే ఆమె కనపడగానే ఎవరూ చెప్పకుండా కాలెత్తి స్టూలు మీద పెట్టేవాడు. ఆర్‌ఎంపీ ముందైతే కాలు వెనక్కి లాక్కునేవాడు.

ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల వానలు గుర్తున్నవారికి చెప్పనక్కరలేదు. సోమవారం, 2న, బడులకు సెలవిచ్చారు, మా ఊరి వాగు రోడ్డెక్కింది, సిస్టర్ రాలేకపోయింది. ఉదయం పదింటికి ఆమే అమ్మకు వీడియో ఫోను చేసి, పుండు చూపించుకొని, పక్కనుండి చెప్పినట్టు కట్టు కట్టించింది. ఆ ఫోను ఆమె సొంతం, బ్యాలెన్సు ఆమె సొంతం.

సెప్టెంబరు రెండో వారంలో గాజుగుడ్డలు అయిపోయాయి, బీపీ గోలీలు కూడా సగమే వచ్చాయి. నెలకు సరిపడా గోలీల సంచి కోసం వచ్చిన ఒకతను పదిహేను రోజులవే ఇచ్చారని ఆమె మీద గట్టిగా అరిచాడు. మందు పంపేది ఎవరో, రాసేది ఎవరో జనానికి కనపడరు, బల్ల వెనుక కూర్చున్న మనిషి కనపడుతుంది. మేం గాజుగుడ్డ, సెలైన్, ప్లాస్టరు భువనగిరిలో కొనుక్కున్నాం, మొత్తం మీద 1,460 రూపాయలు. పల్లె దవాఖానాలో పది వారాల వైద్యానికి మా చేతి నుంచి పడిన ఖర్చు అదీ, చెప్పుల ఖర్చూను. అదే కుర్చీలో ఎంబీబీఎస్ వైద్యులో ఆయుర్వేద వైద్యులో కూర్చుంటే గౌరవ వేతనం ఎక్కువని మాటల్లో ఆమె ఒకసారి చెప్పింది. ఫిర్యాదులా కాదు, బస్సు టైము చెప్పినట్టు చెప్పింది.

చెప్పుల సంగతి చెప్పాలి. పుండు మీద బరువు పడకుండా మెత్తటి రబ్బరుతో చేసే ఎంసీఆర్ చెప్పులు తెమ్మంది. హైదరాబాదులో 1,100కు దొరికాయి. బాపు చూసి, "ఇవి కుష్టోళ్ళ చెప్పులు, ఊరు ఏమనుకుంటది" అని మూలకు విసిరేశాడు. ప్రభుత్వం కుష్టు రోగులకు ఇచ్చేవి ఆ రకానివే, ఆయన అన్నది అబద్ధం కాదు. నేను బతిమాలాను, అమ్మ తిట్టింది. సిస్టర్ మాత్రం, "మేకు దిగిన చెప్పులు తెచ్చి చూపించు పెద్దయ్యా" అన్నది. తెచ్చాడు. అరచేతిలో పెట్టుకొని అడుగున వేలు తిప్పి చూపింది, ఇంకో మేకు సగం బయటికి వచ్చి ఉంది. ఆ రోజు నుంచి వేసుకున్నాడు, ఊళ్ళోకి వెళ్ళేటప్పుడు తప్ప.

ఆగస్టు 24కు రెండున్నర సెంటీమీటర్లు, సెప్టెంబరు 21కి ఒకటి. దసరా సెలవులకు నేను ఊళ్ళో ఉండగా, అక్టోబరు 8, మంగళవారం, సద్దుల బతుకమ్మకు రెండు రోజుల ముందు, ఆమె స్కేలు తీసి, మళ్ళీ లోపల పెట్టేసింది. కొలవడానికేమీ లేదు. గులాబీ రంగు పలుచటి చర్మం, చంటిపిల్లల పెదవిలా ఉంది. చచ్చిన కండ కోసి తీసిన నాటి నుంచి 88 రోజులు. అమ్మ ఆమెకు జాకెట్టు గుడ్డ, గునుగుపూలు ఇచ్చింది. పూలు తీసుకుంది, గుడ్డ వద్దంది.

అక్టోబరు 14న హైదరాబాదులో సర్జన్ పాదం తిప్పి చూసి మెచ్చుకున్నారు. కట్లు ఎవరు చేశారని అడిగితే బాపు, "మా ఊరి డాక్టరమ్మ" అన్నాడు. నేను దిద్దబోయి ఆగాను. గొప్పగా చెప్పాలంటే ఆయన దగ్గర ఉన్న పెద్ద మాట అదొక్కటే. డిశ్చార్జి పుస్తకంలో సర్జన్ రాసింది "కట్లు స్థానికంగా" అని రెండే మాటలు. ఊరికి వెళ్ళి ఈ డాక్టరమ్మ ముచ్చట చెబితే సిస్టర్ నవ్వలేదు. "అట్ల అనకు పెద్దయ్యా, నేను నర్సునే. ఎవరన్న వింటే నాకే తిప్పలు" అన్నది.

డిసెంబరులో బాపుకు జ్వరం వచ్చింది. అమ్మ ఫోనులో చెప్పిన దాని ప్రకారం, ఆయన ముందు పల్లె దవాఖానాకు వెళ్ళి, స్టూలు మీద కాలు పెట్టి పాదం చూపించుకొని, అటునుంచి ఆర్‌ఎంపీ ఇంటికి వెళ్ళి సూది వేయించుకొని వచ్చాడు. ఇదేంటని నేను ఫోనులో కోప్పడితే ఆయన చెప్పిన జవాబు, "కాలు ఆమె చూస్తది, జరం ఈయన చూస్తడు, మధ్యల నీకేంది బిడ్డా?"